కారు ముందు బొమ్మ కథ తెలియాలంటే ముందు దాని అడుగు చూడాలి

మీరు ఫొటోలు పెట్టి మూడు ప్రశ్నలు అడిగారు. పెద్దనాన్నగారి ఇంట్లో పాత సామాన్ల మధ్య దొరికిన రెక్కల ఆడబొమ్మ రోల్స్ రాయిస్ కారుదేనా? పాత కార్ల ముందు ఉండే ఇలాంటి బొమ్మలకు నిజంగా అర్థాలున్నాయా, లేక ఉత్త అలంకారమా? ఇప్పటి కార్లకు అవి ఎందుకు కనిపించవు?

మొదటిదానికి వెంటనే జవాబు చెప్పేస్తాను. అది రోల్స్ రాయిస్‌ది కాదు. రెండో ఫొటోలో బొమ్మను తిరగేసి తీశారు, చాలా మంచి పని చేశారు. అడుగున బోల్టుల్లా మరలు ఉన్న రెండు కాడలు కనిపిస్తున్నాయి. పీఠం వెనక్కి పొడుగ్గా సాగి ఉంది. రెక్కల అంచుల్లో క్రోమ్ బుడగల్లా లేచింది. ఈ మూడూ కలిస్తే అది బానెట్ రేకుకు బిగించే రకం, జింక్ మిశ్రమంతో పోసింది, 1930ల చివరి నుంచి 1950ల మధ్యలో తయారైంది. దాదాపు ఖాయంగా అమెరికన్ కారుది. లోపలి వైపు పోతలోనే వచ్చిన అంకెలు ఏమైనా ఉన్నాయేమో చూడండి. ఆ అంకెలు, రెండు కాడల మధ్య దూరం చెబితే ఏ కంపెనీ, ఏ మోడల్ అన్నది పట్టుకోవడం కష్టం కాదు. రెక్కల స్త్రీ కనిపించగానే అందరికీ రోల్స్ రాయిస్ గుర్తొస్తుంది గానీ, క్యాడిలాక్, ప్యాకార్డ్, ప్లిమత్ కార్ల మీద కూడా అలాంటి స్త్రీలు ఉన్నారు. విడిగా షాపుల్లో అమ్మినవైతే లెక్కే లేదు.

పాత కార్లు బాగుచేసే పనిలో చాలా కాలంగా ఉన్నాను. ఈ బొమ్మల విషయంలో నేను ముందు చూసేది ముఖం కాదు, అడుగు. అది దేనికి బిగించారో తెలిస్తే ఏ కాలానిదో తెలుస్తుంది. ఏ కాలానిదో తెలిస్తే ఆ బొమ్మ అక్కడ ఎందుకుందో కూడా తెలుస్తుంది. మీ మిగతా రెండు ప్రశ్నలకు జవాబు ఇందులోనే ఉంది, కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

తొలినాళ్ల కార్లలో ఇంజన్‌ను చల్లబరిచే రేడియేటర్ అన్నిటికన్నా ముందు, పూర్తిగా బయటికి కనిపించేలా నిలబడి ఉండేది. నీళ్లు పోసే మూత దాని నెత్తిమీద ఉండేది. డ్రైవర్ రోడ్డు చూసే ప్రతిసారీ ఆ మూత కనిపిస్తుంది. ఎదురుగా వచ్చేవాళ్లకూ ముందు కనిపించేది అదే. పైగా అది చేత్తో విప్పగలిగే మరమూత. పాతది విప్పి కొత్తది బిగించడానికి మెకానిక్ అక్కర్లేదు. కారు మొత్తంలో అంతగా కళ్లబడే చోటు, అంత తేలిగ్గా మార్చుకోగలిగిన భాగం ఇంకోటి లేదు. బొమ్మలు అక్కడే పుట్టడానికి అసలు కారణం ఇదే.

ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. అప్పటి చాలా కార్లలో నీటిని తిప్పే పంపు ఉండేది కాదు. ఫోర్డ్ మోడల్ టి లాంటి వాటిలో వేడెక్కిన నీళ్లు తేలికై తమంతట తామే పైకి లేచి రేడియేటర్‌లోకి వెళ్లేవి, చల్లబడినవి కిందికి దిగేవి. ఎండలో ఘాట్ రోడ్డు ఎక్కితే నీళ్లు మరిగిపోయేవి. ఆవిరి చిమ్మేదాకా డ్రైవర్‌కు తెలిసే మార్గం లేదు. దీనికి అమెరికాలో హారిసన్ బాయిస్ అనే ఆయన 1912 ప్రాంతంలో ఒక పరిష్కారం తెచ్చాడు. రేడియేటర్ మూతలోనే థర్మామీటర్ గుచ్చి, పైన గుండ్రటి అద్దంలో ఎర్ర గీత కనిపించేలా పెట్టాడు. పేరు బాయిస్ మోటోమీటర్. దాని కొస నీళ్లలో మునగకుండా, నీళ్ల పైనున్న ఆవిరి వేడిని చూసేది. సీట్లో కూర్చునే ఎర్ర గీత ఎంత లేచిందో చూసుకోవచ్చు.

ఇది బాగా అమ్ముడైంది. కార్ల కంపెనీలు ఆ అద్దం మీద తమ పేరు, గుర్తు వేయించుకున్నాయి. మూతకు రెండు వైపులా పట్టుకుని తిప్పడానికి చేతులు వచ్చాయి. ఆ చేతులు క్రమంగా రెక్కలయ్యాయి. రెక్కల మధ్య మోటోమీటర్ ఉన్న మూతలు ఇప్పటికీ పాత కార్ల మీద చూడొచ్చు. 1920ల చివరికి వేడి చూపించే ముల్లు డ్యాష్‌బోర్డ్ మీదికి వచ్చేసింది. అద్దం పోయింది, రెక్కలు మిగిలాయి. అందువల్ల రెక్కలున్న ప్రతి బొమ్మకూ ఏదో పురాణ కథ ఉండి తీరాలని అనుకోకండి. కొన్నిటికి మూలం వేడి మూతను తిప్పే పిడి మాత్రమే.

ఇక అర్థాల సంగతి. మొదట్లో ఈ బొమ్మలు కంపెనీలవి కావు, యజమానులవి. మన వాళ్లకు ఈ పద్ధతి అర్థం కావడం తేలిక. ఉత్తర గోగ్రహణంలో అర్జునుడు కౌరవ వీరులను ఉత్తరకుమారుడికి చూపించేది వాళ్ల ముఖాలతో కాదు, రథాల మీది గుర్తులతో. బంగారు వేదిక ఉన్నవాడు ద్రోణుడు, సింహపు తోక ఉన్నవాడు అశ్వత్థామ, తాటిచెట్టు ఉన్నవాడు భీష్ముడు. దూరం నుంచి వస్తున్నది ఎవరో గుర్తు చెప్పేస్తుంది. 1900ల మొదట్లో ఇంగ్లండులో కారు కొనగలిగిన కొద్దిమందీ చేసింది అదే. ప్రయాణికులను కాపాడతాడని క్రైస్తవులు నమ్మే సెయింట్ క్రిస్టఫర్ బొమ్మను జాన్ మోంటేగ్యు అనే ప్రభువు తన డైమ్లర్ కారు మీద పెట్టుకున్నాడు. కారు బొమ్మల చరిత్రలో మొట్టమొదట చెప్పే ఉదాహరణల్లో అది ఒకటి. ఇంకొందరు తమ వంశచిహ్నం పెట్టుకున్నారు. మరికొందరు నల్ల పిల్లులు, పోలీసులు, దెయ్యాలు, పెంపుడు కుక్కలు, ఏది తోస్తే అది. ఈ యజమాని గుర్తు ఆచారం పూర్తిగా పోలేదు కూడా. ఎలిజబెత్ రాణి అధికారిక కారు ఎక్కినప్పుడు దాని ముందు బిగించడానికి వెండి బొమ్మ ప్రత్యేకంగా ఉండేది. డ్రాగన్‌ను చంపుతున్న సెయింట్ జార్జ్ బొమ్మ అది, గీసింది చిత్రకారుడు ఎడ్వర్డ్ సీగో.

ఈ విచ్చలవిడి అలంకారాలు చూసి రోల్స్ రాయిస్ కంపెనీకి చిరాకేసింది. రాజసంగా కనిపించాలని తాము కట్టిన కారు నెత్తిన ఎవరో వెకిలి బొమ్మ పెట్టడం క్లాడ్ జాన్సన్‌కు నచ్చలేదు. ఆయన ఆ కంపెనీ నిర్వాహకుడు. కంపెనీ తరఫున హుందాగా ఉండే బొమ్మ ఒకటి చేయించాలని శిల్పి చార్లెస్ రాబిన్సన్ సైక్స్‌ను పిలిచాడు. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో తలలేని రెక్కల విజయదేవత గ్రీకు శిల్పం ఉంది కదా, అలాంటిది జాన్సన్ మనసులో ఉంది. సైక్స్‌కు అది మరీ గంభీరంగా తోచింది. ఇంకా సుకుమారమైనది కావాలనుకున్నాడు.

ఆయనకు అప్పటికే ఒక నమూనా ఉంది. పైన చెప్పిన మోంటేగ్యు ప్రభువు కార్ల మీద ఒక పత్రిక నడిపేవాడు. సైక్స్ దానికి బొమ్మలు వేసేవాడు. అక్కడే ఎలినార్ వెలాస్కో థార్న్‌టన్ ప్రభువుకు సెక్రటరీగా పనిచేసేది. మోంటేగ్యుకూ ఆమెకూ మధ్య బయటికి చెప్పుకోలేని ప్రేమ. ఆయనకు పెళ్లయింది. 1903లో వాళ్లిద్దరికీ ఒక కూతురు పుడితే పెంపకానికి ఇచ్చేశారు. 1909 ప్రాంతంలో మోంటేగ్యు తన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారుకు సొంతంగా ఒక బొమ్మ కావాలంటే, సైక్స్ ఎలినార్‌ను చూసి ఒకటి చేశాడు. గాలికి ఎగిరే బట్టల్లో ఒక యువతి, చూపుడువేలు పెదవుల మీద పెట్టుకుని. పేరు ‘ది విస్పర్’. ఆ వేలు దాచిన రహస్యం ఏమిటో దగ్గరివాళ్లకు తెలుసు.

1911 ఫిబ్రవరిలో సైక్స్ కంపెనీకి ఇచ్చిన ‘స్పిరిట్ ఆఫ్ ఎక్స్టసీ’లో ఆ వేలు లేదు. రెండు చేతులూ వెనక్కి చాచి, ముందుకు వంగి, ఎగిరే బట్టలే రెక్కలైన స్త్రీ. ఆమె కూడా ఎలినారేనని చాలామంది నమ్ముతారు. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది. కంపెనీ స్థాపకుల్లో ఒకరైన హెన్రీ రాయిస్‌కు మాత్రం ఇది ఇష్టం లేదు. రోడ్డు చూడటానికి అడ్డమనేవాడు, తన సొంత కారు మీద పెద్దగా పెట్టుకునేవాడు కాదు.

ఈ కథకు మన దేశంతో ఉన్న సంబంధం చాలామందికి తెలియదు. మొదటి ప్రపంచ యుద్ధంలో భారత ప్రభుత్వానికి మోటారు రవాణా సలహాదారుగా మోంటేగ్యును వేశారు. 1915 డిసెంబరులో ఆయన, తోడుగా ఎలినార్, పర్షియా అనే ఓడలో ఇండియాకు బయలుదేరారు. డిసెంబరు 30న క్రీట్ ద్వీపం దగ్గర మధ్యధరా సముద్రంలో జర్మన్ సబ్‌మెరైన్ ఆ ఓడను టార్పెడోతో కొట్టింది. నిమిషాల్లో మునిగిపోయింది. మూడు వందల మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎలినార్ ఒకరు. మోంటేగ్యు ఒక రోజుకు పైగా పడవలో కొట్టుకుపోయి బతికి బయటపడ్డాడు. అప్పటికే ఆయన చనిపోయాడని ఇంగ్లండు పత్రికలు రాసేశాయి. ఎవరైనా ఈ బొమ్మ అర్థం ‘వేగం, విలాసం’ అని చెబితే నాకు బాధేస్తుంది. దాని వెనక ఇండియా చేరకుండానే సముద్రంలో పోయిన ఒక మనిషి ఉంది.

బొమ్మ వివరాలు కొన్ని. ఇది గట్టి వెండి అన్నది అపోహ. మొదటి కొన్నేళ్లు వెండి పూత ఉండేది, తర్వాత నికెల్, ఆ తర్వాత క్రోమ్. మైనంతో అచ్చు తీసి, మైనం కరిగించి ఆ ఖాళీలో లోహం పోసే పాత పద్ధతిలో ఒక్కోటీ పోసేవారు. మన స్వామిమలై కంచు విగ్రహాలు పోసేదీ ఆ పద్ధతిలోనే. పోసిన తర్వాత ప్రతిదాన్నీ చేత్తో చెక్కి నునుపు చేసేవారు కాబట్టి పాతవి ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. 1934లో మోకాళ్ల మీద కూర్చున్న రూపం వచ్చింది. కార్ల ఎత్తు తగ్గుతుంటే నిలబడిన బొమ్మ డ్రైవర్ చూపుకు నిజంగానే అడ్డం వచ్చింది. అంటే రాయిస్ మాట చివరికి నెగ్గిందన్నమాట. హైదరాబాద్ వస్తే చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాంల పసుపుపచ్చ సిల్వర్ ఘోస్ట్ చూడండి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డర్ ఇచ్చిన కారు, అది చేరేనాటికి ఆయన లేరు. మధ్యలో సింహాసనం లాంటి సీటు ఉంటుంది. అందరూ ఆ సీటు చూస్తారు. మీరు ఒక నిమిషం రేడియేటర్ ముందు నిలబడి అది ఎంత ఎత్తుగా ఉందో చూడండి. మూత మీద బొమ్మ పెట్టాలని అప్పటివాళ్లకు ఎందుకు అనిపించిందో వేరే చెప్పక్కర్లేదు.

నన్ను అడిగితే వీటన్నిటిలో అందమైనది హిస్పానో సూయిజా కొంగ. మెడ ముందుకు చాచి, రెక్కలు కిందికి వాల్చి ఎగురుతున్న కొంగ. బార్సెలోనాలో పుట్టి, ఆ తర్వాత పారిస్ దగ్గర కూడా ఫ్యాక్టరీ పెట్టిన ఈ కంపెనీకి మార్క్ బిర్కిట్ అనే స్విస్ ఇంజనీర్ మొదటి ప్రపంచ యుద్ధంలో విమాన ఇంజన్ ఒకటి తయారుచేశాడు. ఫ్రెంచ్ స్పాడ్ యుద్ధ విమానాలు ఆ ఇంజన్‌తోనే ఎగిరాయి. వాటిని నడిపిన ఒక దళం గుర్తు కొంగ. కొంగలు గూళ్లు కట్టుకునే ఫ్రాన్స్ నేల అల్సాస్, 1870-71 యుద్ధంలో జర్మనీ చేతికి పోయింది. ఏటా తిరిగొచ్చే ఆ పక్షిని తమ విమానాల మీద వేసుకున్నారంటే, ఆ నేల కూడా తిరిగి రావాలన్న కోరిక అందులో ఉంది. ఆ దళంలో జార్జ్ గినెమెర్ ఉన్నాడు. యాభైకి పైగా శత్రు విమానాలను కూల్చి, ఫ్రాన్స్‌లో పిల్లలకు కూడా తెలిసిన వీరుడయ్యాడు. 1917 సెప్టెంబరు 11న బెల్జియం మీద ఎగురుతూ చనిపోయాడు. వయసు 22. యుద్ధం ముగిశాక 1919లో పారిస్ మోటారు ప్రదర్శనలో హెచ్6 కారు వచ్చినప్పటి నుంచి కంపెనీ గుర్తు ఆ కొంగే. శిల్పం ఫ్రాన్స్వా బజాన్‌ది. అప్పట్లో ఫ్రాన్స్‌లో ఆ కారు వీధిలో వెళ్తుంటే చూసినవాళ్లకు అది ఏ కొంగో ఎవరూ వివరించాల్సిన పని లేకపోయింది.

బుగాటి రాయల్ మీద ఏనుగు కూడా అలాంటిదే. తొండం ఎత్తి వెనక కాళ్ల మీద నిలబడిన ఆ ఏనుగు, కంపెనీ పెట్టిన ఎటోరె బుగాటి తమ్ముడు రెంబ్రాంట్ చేసిన శిల్పం. ఆ తమ్ముడు జంతువుల శిల్పాలు చేయడంలో దిట్ట, యాంట్‌వర్ప్ జంతుప్రదర్శనశాలలో గంటల తరబడి కూర్చుని పనిచేసేవాడు. 1916లో, ముప్పయ్యొకటో ఏట ప్రాణం తీసుకున్నాడు. ఆ తర్వాత చాలా ఏళ్లకు అన్న తన జీవితంలోకెల్లా పెద్ద కారు కట్టి, దాని మీద తమ్ముడి ఏనుగును పెట్టాడు. ఆ కార్లు చేసింది ఆరు, కొనుగోలుదారులకు అమ్మగలిగింది మూడు.

ఇలా వెనక ఒక మనిషో, ఒక సంఘటనో ఉన్నవాటికే నిజమైన అర్థం ఉందని నా అభిప్రాయం. తక్కినవాటిలో చాలా భాగం పేరుకు తగ్గ బొమ్మ. బెల్జియం కంపెనీ మినర్వా పేరు పెట్టుకుంది కాబట్టి మినర్వా దేవత తల. ఇంగ్లండు వల్కన్ కంపెనీకి కమ్మరి దేవుడు. మేఫ్లవర్ ఓడలో ఇంగ్లండు నుంచి అమెరికాకు వలసవచ్చినవాళ్లు దిగిన ఊరి పేరు పెట్టుకున్న ప్లిమత్‌కు ఆ ఓడ. ప్యాకార్డ్ మీది పెద్ద ముక్కు పక్షి ఆ కుటుంబ చిహ్నంలోని పెలికాన్, అయినా కంపెనీ కొన్నేళ్లు దాన్ని కార్మొరెంట్ (నీటికాకి) అని పిలిచింది. కొన్ని కథలు తర్వాత అల్లినవి, లేదా తర్వాత నునుపు చేసినవి. మెర్సిడెస్ మూడు కోణాల నక్షత్రం నేల, నీరు, గాలి అని అందరూ చెబుతారు. ఇందులో నిజం లేకపోలేదు. గాట్లీబ్ డైమ్లర్ 1880ల్లోనే పడవకు, ఎగిరే బెలూన్‌కు కూడా తన ఇంజన్ అమర్చాడు. కానీ నక్షత్రం మొదట ఆయన భార్యకు పంపిన పోస్టుకార్డులో తమ ఇంటి మీద వేసిన గుర్తు. ఏదో ఒకరోజు ఈ నక్షత్రం మన ఫ్యాక్టరీ మీద వెలుగుతుందని రాశాడట. ఆయన పోయాక కొడుకులు దాన్ని గుర్తు చేసుకుంటే, 1909లో కంపెనీ మూడు కోణాల నక్షత్రంతో పాటు నాలుగు కోణాలది కూడా నమోదు చేసింది. వాడింది మూడు కోణాలదే. మూడు అన్న లెక్క మొదటి నుంచీ గట్టిగా ఉండి ఉంటే నాలుగు కోణాలది నమోదు చేసే అవసరం ఏముంది?

పాంటియాక్ బొమ్మ గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. 1926లో మొదలైన ఆ కార్ల మీద అమెరికా ఆదివాసీ నాయకుడు పాంటియాక్ తల ఉండేది. ఆయన నిజంగా ఉన్న మనిషి, ఒడావా తెగవాడు. 1763లో బ్రిటిష్ వాళ్ల మీద తిరగబడి డెట్రాయిట్ కోటను ముట్టడించాడు. తర్వాత అదే డెట్రాయిట్ కార్ల రాజధాని అయింది. 1950ల్లో ఆ తలను కాషాయపు ప్లాస్టిక్‌తో చేసి లోపల దీపం పెట్టారు, రాత్రి హెడ్‌లైట్లతో పాటు వెలిగేది. చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది, సేకరించేవాళ్లు ఎగబడతారు. కానీ ఏ మనిషి తన నేల కోసం పోరాడాడో, ఆ నేల మీద ఆయన వాళ్లను లేకుండా చేసి, ఆయన తలను అమ్మకపు వస్తువు చేశారు. ఈ బొమ్మను చూపించేటప్పుడు ఆ సంగతి కూడా చెప్పాలని నేను పట్టుబడతాను.

గాజు బొమ్మల సంగతి వేరే లోకం. 1925లో సిట్రోయెన్ కోసం రెనె లాలిక్ అనే ఫ్రెంచ్ గాజు కళాకారుడు ఐదు గుర్రాలు పక్కపక్కన దూకుతున్న బొమ్మ చేశాడు. సివి అంటే ఫ్రెంచిలో గుర్రాలు, అందుకే సిట్రోయెన్ 5 సివి కారుకు ఐదు అశ్వాలు. అక్కడి నుంచి ఆరేడేళ్లలో దాదాపు ముప్పై రకాలు వచ్చాయి: డేగ, తూనీగ, కప్ప, కోడిపుంజు తల, గాలికి జుట్టు వెనక్కి ఎగిరే స్త్రీ తల ‘విక్తువార్’ (విజయం). కింద చిన్న బల్బు, మధ్యలో రంగు అద్దం పెడితే రాత్రి బొమ్మంతా వెలిగేది. రాళ్లు లేచే రోడ్ల మీద గాజు బొమ్మ పెట్టుకుని తిరిగే ధైర్యం ఎంతమందికి ఉండేదో గానీ, పగలకుండా మిగిలినవి ఇప్పుడు వేలంలో కార్ల ధర పలుకుతాయి. కొనేవాళ్లకు ఒక మాట. లాలిక్ బతికుండగా చేసినవాటి మీద పేరుకు ముందు ‘ఆర్’ అక్షరం ఉంటుంది. ఆయన 1945లో పోయాక కంపెనీ ఆ అక్షరం తీసేసింది. అవే బొమ్మలను తర్వాత బల్ల మీద పెట్టుకునే కాగితపు బరువులుగా కూడా చేశారు.

1930ల్లో మూత కథ ముగిసింది. రేడియేటర్ బానెట్ కిందికి, అందమైన గ్రిల్ వెనక్కి వెళ్లిపోయింది. నీళ్ల మూత కూడా లోపలికి పోయింది. బొమ్మకు కాళ్ల కింద నేల లేకుండా పోయినా కంపెనీలు దాన్ని వదల్లేదు, బానెట్ ముక్కు మీదికి మార్చాయి. కొన్ని అమెరికన్ కార్లలో బొమ్మను తిప్పితేనే బానెట్ తెరుచుకునేది. మీ పెద్దనాన్నగారి బొమ్మ ఈ కాలానిది. బొమ్మల రూపం కూడా అప్పుడే మారింది. నిలబడినవాళ్లు పడుకుని ఈదుతున్నట్టు సాగిపోయారు, పక్షులు పొడుగయ్యాయి, యుద్ధం తర్వాత అన్నీ కలిసి జెట్ విమానాలయ్యాయి. 1946 తర్వాతి బ్యూక్‌ల మీద గుండ్రటి చట్రంలోంచి దూసుకెళ్లే, విమానంలో బాంబు వేయడానికి గురి చూసే పరికరం లాంటిది, 1955 షెవ్రొలే బెల్ ఎయిర్ మీద పక్షో విమానమో తేల్చుకోలేనిది. డిజైన్‌గా నాకు ఇవీ ఇష్టమే, కానీ వీటి వెనక కథలు వెతికితే దొరికేది ఆ కాలపు విమానాల మోజే.

ఎందుకు పోయాయంటే ముఖ్య కారణం పాదచారుల ప్రాణాలు. కారు తగిలితే మనిషి బానెట్ మీద పడతాడు. అక్కడ నిటారుగా గట్టి లోహపు మొన ఉంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. బ్రిటన్‌లో 1937 అక్టోబరు 1 తర్వాత రోడ్డెక్కిన బండ్లకు, ఢీకొన్నప్పుడు మనిషికి తగిలి గాయపరిచేలా ఉండే బొమ్మ పెట్టకూడదని నిబంధన వచ్చింది. 1970ల్లో యూరప్ నియమాలు ఇంకా స్పష్టంగా చెప్పాయి: పది మిల్లీమీటర్ల కన్నా పైకి లేచిన అలంకారం ఏదైనా సుమారు పది కిలోల బలం పడగానే లోపలికి పోవాలి, ఊడిపోవాలి, లేదా వంగిపోవాలి. మెర్సిడెస్ నక్షత్రం అందుకే స్ప్రింగ్ మీద ఉంటుంది, చేత్తో తోస్తే వంగి మళ్లీ లేస్తుంది. 2003 నుంచి రోల్స్ రాయిస్ ఫాంటమ్‌లో తగిలితే చాలు, బొమ్మ రేడియేటర్‌లోకి దిగిపోతుంది. కాబట్టి పాత బొమ్మను రోజూ నడిపే ఇప్పటి కారు బానెట్‌కు గట్టిగా బిగించాలన్న ఆలోచన ఎవరికైనా ఉంటే దయచేసి మానుకోండి. గాలి నిరోధం తగ్గించాలన్న పట్టింపు, దొంగతనాలు, ఖర్చు కూడా కారణాలే గానీ అవి తర్వాతి సంగతి.

అసలుదా నకలా అన్నది పట్టుకోవడం ఎలా? మీది కాకపోయినా ఇది చదివేవాళ్లకు పనికొస్తుంది. లోహపు పూత రంగు చూడండి. కార్ల మీద క్రోమ్ పూత 1920ల రెండో సగంలోనే వ్యాపారంగా వచ్చింది. అంతకుముందు నికెల్. నికెల్‌లో లేత పసుపు వెచ్చదనం ఉంటుంది, తుడవకపోతే మసకబారుతుంది. క్రోమ్‌లో నీలి ఛాయ ఉంటుంది, మసకబారదు. 1915 నాటిదని చెప్పి క్రోమ్ బొమ్మ అమ్ముతుంటే, అది తర్వాత పూత మార్చినదైనా కావాలి, నకలైనా కావాలి. రెండోది, కొలత. అసలు బొమ్మ మీద అచ్చు తీసి పోసిన నకలు అసలు కన్నా ఒకటి రెండు శాతం చిన్నది అవుతుంది, ఎందుకంటే లోహం చల్లారేటప్పుడు కుంచించుకుంటుంది. వేళ్లు, ముక్కు, బట్టల మడతలు మొద్దుబారి ఉంటాయి. సైక్స్ పేరు, తేదీ పీఠం మీద ఉన్నాయి కదా అని నమ్మకండి. అసలు మీద ఉన్న సంతకం నకలు మీదికి కూడా అచ్చుగా వచ్చేస్తుంది.

చివరగా మీ బొమ్మ మీది బుడగలు. జింక్ పోతలో కొద్దిపాటి సీసం, తగరం కలిసినా లోహం లోపలి నుంచే తినేస్తూ వస్తుంది. పైన కనిపించే బుడగ చిన్నదే, గుంత లోపలి దాకా ఉంటుంది. మామూలు ప్లేటింగ్ షాపులో ఇస్తే ఇత్తడికీ ఇనుముకీ వాడే యాసిడ్ తొట్టిలోనే దీన్నీ ముంచుతారు. జింక్ అందులో కరిగిపోతుంది. లేదా బఫింగ్ చక్రం మీద పెట్టి గుంతలు పోయేదాకా అరగదీస్తారు, ముఖం కూడా పోతుంది. సరైన పద్ధతి నెమ్మదైనది: పాత పూతను జింక్‌కు పడే ద్రావణంతో తీయాలి, ఒక్కో గుంతనూ డ్రిల్‌తో శుభ్రం చేయాలి, రాగి పూత వేసి సానపట్టడం మళ్లీ మళ్లీ చేసి గుంతలు నింపాలి, ఆ తర్వాతే నికెల్, దానిపైన క్రోమ్. ఇంతకుముందు జింక్ పోతకు రాగి నింపి చేసిన పని ఏదైనా ఉంటే చూపించమని షాపువాళ్లను అడగండి. చూపించలేకపోతే ఇవ్వొద్దు. అప్పటిదాకా మెత్తని గుడ్డతో దుమ్ము తుడిచి, కారు వ్యాక్స్ పల్చగా పూసి, తేమ తగలని చోట పెట్టండి. ఇత్తడి తోమే పొడులు, చింతపండు దాని దగ్గరికి రానివ్వకండి.